సముద్రపు మంచు పలచబడుతుంటే ఇన్యూట్ ఊళ్లు ఎలా నెట్టుకొస్తున్నాయి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "రిమోట్ సెన్సింగ్‌లో ఎంటెక్ చేస్తున్నాను. ఆర్కిటిక్ మంచు మీద ప్రాజెక్టు. గ్రాఫులు బోలెడు దొరికాయి కానీ ఆ మంచు మీద బతికే ఇన్యూట్ ప్రజలు ఏం చేస్తున్నారో సరిగ్గా దొరకలేదు. శాటిలైట్ డేటా వాళ్ల చేతికిస్తే సమస్య తీరదా? లేక చివరికి ఊళ్లు ఖాళీ చేయాల్సిందేనా?"

నేను సముద్రపు మంచు మ్యాపులు తయారుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఆ పని మీదే కెనడా ఉత్తరాన ఉన్న బాఫిన్ దీవి ఊళ్లకు వెళ్లివస్తుంటాను. నాకు తెలిసినంతలో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మంచు తగ్గుతున్న మాట నిజం, దెబ్బ పెద్దదే. అయితే ఆ ఊళ్లలో పెద్దవాళ్లని కదిపితే మంచు గురించి ఎంత మాట్లాడతారో, దాని మీదికి వెళ్లే తీరిక కుర్రాళ్లకు లేదనీ, పెట్రోలుకు డబ్బు చాలడం లేదనీ అంతకు రెట్టింపు మాట్లాడతారు. మీ ప్రాజెక్టులో ఈ సంగతి రాకపోతే సగం కథే చెప్పినట్టు.

ముందు ఊళ్ల సంగతి. ఇన్యూట్లు కెనడా, గ్రీన్‌లాండ్, అలాస్కా తీరాల్లోనూ, రష్యా తూర్పు కొసన చుకోట్కాలోనూ ఉంటారు. కెనడాలో వాళ్ల సొంత నేలని ఇన్యూట్ నునాంగాత్ అంటారు. అందులో 51 ఊళ్లు, దాదాపు అన్నీ సముద్రం ఒడ్డునే. ఆ నేలలో పెద్ద భాగం నునావుత్. 1999 ఏప్రిల్ 1న ప్రత్యేక టెరిటరీగా ఏర్పడింది. 25 ఊళ్లు, 2021 జనాభా లెక్కల్లో సుమారు 37 వేల మంది. ఒక ఊరి నుంచి పక్క ఊరికి రోడ్డు లేదు. విమానం ఉంది కానీ టికెట్ ధర చూస్తే గుండె ఆగుతుంది. వేసవిలో పడవ. మిగతా కాలమంతా, అంటే ఏడాదిలో ఎక్కువ భాగం, గడ్డకట్టిన సముద్రమే రోడ్డు.

అందుకే మనం ఊహించేదానికి అక్కడి లెక్క పూర్తిగా తిరగబడి ఉంటుంది. చలి ముదిరాక మనుషులు ఇంట్లో మూలుగుతూ కూర్చుంటారనుకుంటాం. నిజానికి సముద్రం గట్టిపడ్డాకే ఊరు కదులుతుంది. చుట్టాల ఊళ్లకు పోతారు, సీల్ వేటకు పోతారు, నది ముఖాల దగ్గర చేపలకు పోతారు. కష్టమంతా ఆ మధ్య రోజుల్లో. అక్టోబరు, నవంబరుల్లో పడవ వేయలేరు, మంచు మీద నడవలేరు. జూన్, జులైల్లో మళ్లీ అదే పరిస్థితి. అప్పుడు మనుషులు ఒడ్డున నిలబడి సముద్రం వంక చూడటమే. వేడెక్కడం వల్ల ఈ మధ్య రోజులు సాగుతున్నాయి, పైగా ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో ముందుగా చెప్పలేని స్థితి వచ్చింది.

ఇక మంచు గురించి. మీరు గ్రాఫుల్లో చూసేది మొత్తం విస్తీర్ణం. సెప్టెంబరు నెల విస్తీర్ణం 1979 నుంచి దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. 2012లో 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడి రికార్డు సృష్టించింది. 1979 తర్వాత ఆర్కిటిక్ మొత్తం ప్రపంచ సగటు కన్నా దాదాపు 4 రెట్ల వేగంతో వేడెక్కిందని 2022లో వచ్చిన లెక్క. ఇవన్నీ నిజమే. కానీ ఆ విస్తీర్ణంలో ఎక్కువ భాగం నడి సముద్రంలో కదిలే మంచు, అక్కడికి ఏ వేటగాడూ పోడు. వాళ్లకు కావాల్సింది ఒడ్డుని అంటిపెట్టుకుని, దీవుల మధ్య, ఇరుకు పాయల్లో కదలకుండా ఉండే మంచు. దీన్ని ఇన్యూట్ల భాష ఇనుక్తితుత్‌లో తువాక్ అంటారు. దాని అంచుని, అంటే తెరుచుకున్న నీళ్లు మొదలయ్యే చోటుని సినా అంటారు. వసంతంలో నార్వాల్ తిమింగలాలూ, సీళ్లూ, పక్షులూ చేరేది ఆ అంచు దగ్గరికే.

ఈ తువాక్ ఒకే మందంలో ఉండదు. సముద్రపు నీరు గడ్డకట్టేది సున్నా కన్నా దాదాపు 1.8 డిగ్రీలు కింద. గట్టిపడేటప్పుడు ఉప్పునీటి బొట్లు లోపల చిక్కుకుంటాయి, అందువల్ల కొత్త మంచు చెరువు మంచులా పెళుసుగా ఉండదు, బరువు పడితే వంగుతుంది. చెరువు మీద పనికొచ్చే "ఇన్ని అంగుళాలుంటే నడవొచ్చు" అనే సూత్రం ఇక్కడ నేరుగా పనికిరాదు. కింద ప్రవాహం ఉన్నచోట మంచు అడుగు నుంచి అరిగిపోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెరిగినప్పుడు ఇరుకుల్లో నీరు జోరందుకుని, అప్పటిదాకా బాగున్న చోటు కూడా బలహీనపడుతుంది. నునావుత్ రాజధాని ఇకాలుయిత్ ముందున్న ఫ్రోబిషర్ అఖాతంలో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం 10 మీటర్లకు పైగా మారుతుంది. ఒడ్డు దగ్గరి మంచంతా రోజుకు రెండుసార్లు పైకి లేచి కిందికి దిగుతూ విరిగి, పెద్ద పెద్ద దిమ్మలుగా పేరుకుంటుంది. ఆ దిమ్మల మధ్య నుంచి బండి దాటించడమే ఒక విద్య.

అన్నిటికన్నా మోసం చేసేది స్నో, అంటే ఆకాశం నుంచి రాలే మంచు. సముద్రం ఇంకా పలచగా గడ్డకట్టిన రోజుల్లోనే బాగా స్నో పడితే అది దుప్పటిలా కప్పేసి, పైనున్న చలిని కిందికి దిగనివ్వదు. మంచు మందం పెరగదు. పైగా చూడటానికి తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. స్నో లేకపోతే కొత్త మంచు కింది నీళ్ల వల్ల నల్లగా కనబడి హెచ్చరిస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, గాలి ఉష్ణోగ్రత మాత్రమే పెట్టి మందం అంచనా వేసే మోడళ్లు ఊరి అవసరానికి ఎందుకు తప్పుతాయో తెలుసుకోవడానికి.

ఒకసారి మా సెన్సర్ బండిని లాగుతున్న వేటగాడు ఉన్నట్టుండి స్కీడూ ఆపేశాడు. స్నోమొబైల్‌ని అక్కడ అందరూ స్కీడూ అనే అంటారు. నా కళ్లకు ముందూ వెనకా ఒకే తెలుపు. ఆయన దిగి, బూటు అంచుతో స్నో పక్కకు తోసి, ఉనాక్ తీశాడు. అది ఇనుప మొన ఉన్న పొడవైన కర్ర, సీల్ వేటకూ అదే, మంచు పరీక్షకూ అదే. భుజం ఎత్తు నుంచి ఒక్క పోటు పొడిచాడు. మొన దిగబడింది కానీ నీరు రాలేదు. రెండో పోటుకి రంధ్రంలోంచి నీళ్లు ఊరి స్నో బూడిదరంగుకి తిరిగింది. ఒక్క పోటుకే తూట్లు పడితే మనిషి కూడా నిలబడకూడదు, రెండు మూడు ఆగితే మనిషి నడవొచ్చు కానీ బండి వద్దు. ఇది వాళ్ల కొలత. ఆయన ఏమీ మాట్లాడలేదు, చేత్తో నన్ను అక్కడే ఆగమని సైగ చేసి, వచ్చిన చాళ్ల మీదుగానే బండి వెనక్కి తిప్పాడు. మా స్క్రీన్ మీద ఆ చోటు పలచగా కనిపించడం మేం అక్కడికి చేరాక మొదలైంది. ఆయన మాత్రం దూరం నుంచే స్నో గుట్టలు పరుచుకున్న తీరు చూసి అనుమానించాడు. ఎలా తెలిసిందని అడిగితే, ఆ పాయ కింద నీరు ఎప్పుడూ పరుగెడుతూనే ఉంటుందని తండ్రి చెప్పాడన్నాడు.

ఆ స్నో గుట్టల గురించి ఇంకొంచెం. వాయవ్యపు గాలికి స్నో నాలుక ఆకారంలో గట్టిపడుతుంది, మొన ఎప్పుడూ ఒకే దిక్కుకి. చీకట్లోనూ, ఏమీ కనబడని తెల్లటి గాలివానలోనూ బండి ఆ గుట్టల్ని ఏ కోణంలో దాటుతోందో చూసుకుని దిక్కు పట్టుకుంటారు. ఇగ్లూలిక్ అనే ఊరి పక్క వేటగాళ్లు వాల్రస్ కోసం కదిలే మంచు మీదికి కూడా వెళ్తారు. గాలి ఎటు తిరుగుతుంది, చంద్రుడు ఏ దశలో ఉన్నాడు అన్నది తప్పితే మంచు వాళ్లను తీసుకుని సముద్రంలోకి పోతుంది. ఇప్పుడు గాలులు పాత వరుసలో వీయడం లేదని చాలా ఊళ్లలో చెప్తున్నారు. అంటే పోతున్నది మంచు ఒక్కటే కాదు, మంచుని చదివే గుర్తుల మీద నమ్మకం కూడా. దీన్ని ఏ శాటిలైటూ కొలవదు.

ఇప్పుడు మీ శాటిలైట్ ప్రశ్నకు వస్తాను.

ప్రభుత్వ ఐస్ చార్టులు ముఖ్యంగా ఓడల కోసం గీసినవి. ఓడకు మంచు అడ్డంకి, వేటగాడికి మంచు దారి. ఒకే చార్టు ఇద్దరికీ ఎలా పనికొస్తుంది? చార్టులో ఒక అఖాతం మొత్తానికి "గట్టి మంచు" అని ఒకే రంగు వేస్తారు, అందులో మనిషిని మింగే పాయ ఒకటి ఉన్నా సరే. విస్తీర్ణం గ్రాఫులకు వాడే శాటిలైట్ మైక్రోవేవ్ డేటాలో ఒక్కో పిక్సెల్ 25 కిలోమీటర్లు. ఇరుకైన ఫియోర్డ్, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, మొత్తం దాంట్లో మునిగిపోతుంది, ఒడ్డు నేల కూడా కలిసిపోయి అంకె పాడవుతుంది. సెంటినెల్-1 అనే యూరప్ శాటిలైట్ రాడార్ వచ్చాక చిత్రం చాలా మెరుగుపడింది, బీటలు కూడా కనిపిస్తాయి. కానీ మందం చెప్పదు.

ఈ లోటు పూడ్చడానికే స్మార్ట్ ఐస్ అనే సంస్థ పుట్టింది. 2009–10 చలికాలంలో కెనడా తూర్పున లాబ్రడార్ తీరంలోని నునాత్సియావుత్ ప్రాంతంలో మంచు మునుపెన్నడూ లేనంత తక్కువగా కట్టింది. ఆ తర్వాత జరిగిన సర్వేలో దాదాపు 12 మందిలో ఒకరు తాము మంచులోంచి కింద పడ్డామని చెప్పారు. ఆ ప్రాంతానికి ఉత్తరపు కొసన ఉన్న నైన్ ఊరి వాళ్లూ, మెమోరియల్ యూనివర్సిటీకి చెందిన ట్రెవర్ బెల్ కలిసి రెండు పరికరాలు సిద్ధం చేశారు. ఒకటి మంచులో పాతే గొట్టం. దాని పొడవునా ఉన్న థర్మామీటర్లు గాలి, స్నో, మంచు, నీరు ఏది ఎక్కడ మొదలవుతుందో పసిగట్టి రోజూ శాటిలైట్ ద్వారా పంపుతాయి. రెండోది కముతిక్ మీద, అంటే స్కీడూ వెనక కట్టే చెక్క స్లెడ్జ్ మీద పెట్టే సెన్సర్. ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుంది, మంచులో పారదు; ఆ తేడాతో సెన్సర్‌కీ నీటికీ మధ్య దూరం తెలుస్తుంది, స్నో లోతు తీసేస్తే మందం. ఈ సంస్థకు 2016లో ఆర్కిటిక్ ఇన్‌స్పిరేషన్ ప్రైజ్, 2017లో ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం పురస్కారం వచ్చాయి.

నాకు ఇందులో నచ్చేది పరికరం కన్నా పద్ధతి. ఎక్కడ కొలవాలో పెద్దవాళ్ల కమిటీ నిర్ణయిస్తుంది. కొలిచేది ఆ ఊరి మనిషే, జీతం తీసుకుని. గొట్టాలు తయారుచేసే పని నైన్‌లోని కుర్రాళ్లకే ఇచ్చారు. మ్యాపులో ఎక్కడికి పోవచ్చు, ఎక్కడ నెమ్మదిగా పోవాలి, ఎక్కడికి పోకూడదు అని రంగుల్లో చూపిస్తారు.

ఇంకొకటి సికు అనే యాప్. హడ్సన్ అఖాతం ఆగ్నేయ భాగంలోని బెల్చర్ దీవుల్లో సానికిలువాక్ అనే ఊరుంది. 1990ల మొదట్లో అక్కడ ఒక చలికాలంలో ఈడర్ బాతులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. ఆ బాతులు వలసపోవు, చలికాలమంతా గడ్డకట్టని నీటి మడుగుల్లో గడుపుతాయి. ఆ మడుగులు మూసుకుపోయాయి. క్యూబెక్ పక్క పెద్ద జలవిద్యుత్ కేంద్రాలు చలికాలంలో వదిలే మంచినీరు ఇక్కడి సముద్రం తీరుని మార్చేస్తోందని ఊరివాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. ఊళ్లు సొంతంగా రికార్డు పెట్టుకోకపోతే తమ మాట ఎవరూ వినరని తెలిసొచ్చి, ఆర్కిటిక్ ఈడర్ సొసైటీ 2019 చివర్లో ఈ యాప్ తెచ్చింది. ఏ చోట ఏ రకం మంచు ఉందో ఇనుక్తితుత్ పేర్లతోనే నమోదు చేయొచ్చు, ఫొటో పెట్టొచ్చు, బీట కనిపిస్తే వెనకొచ్చే వాళ్లని హెచ్చరించొచ్చు. పెట్టిన సమాచారం మీద హక్కు పెట్టిన మనిషిదే.

కాబట్టి శాటిలైట్ డేటా పనికొస్తుంది, నా బతుకుతెరువే అది. దానితోనే సమస్య తీరదు అన్నది కూడా అంతే గట్టిగా చెప్తున్నాను. జీపీఎస్ రెండు చుక్కల మధ్య గీత గీస్తుంది, ఆ గీత కింద ఏముందో దానికి తెలియదు. పాత దారులు వంకర తిరగడానికి ఒక్కో వంకకీ ఒక్కో కారణం ఉంటుంది.

ఇక్కడ మీరు తప్పకుండా చదవాల్సిన పరిశోధన ఒకటుంది. 2019లో జేమ్స్ ఫోర్డ్ అనే పరిశోధకుడి బృందం నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో ప్రచురించింది. 1985 నుంచి 2016 దాకా వాతావరణం, మంచు వివరాలు తీసుకుని, నేల మీదా నీటి మీదా మంచు మీదా కలిపి, ఊరి దారుల్లో ప్రయాణం చేయగలిగే రోజులు ఎలా మారాయో లెక్కగట్టారు. 2 డిగ్రీలకు పైగా వేడెక్కినా మొత్తం మీద ఆ రోజులు పెద్దగా మారలేదు. మనిషికీ మనిషికీ మధ్య తేడా మాత్రం చాలా పెద్దది. మంచి సామాను, అనుభవం, ధైర్యం ఉన్నవాడు వెళ్లగలిగిన రోజున అవి లేనివాడు వెళ్లలేడు. ఆ తేడా ముందు వాతావరణం తెచ్చిన తేడా చిన్నదిగా కనిపిస్తుంది. మార్పు ఏమీ లేదని దీన్ని అర్థం చేసుకోకండి. మంచు మీది రోజులు పోయి పడవ రోజులు వస్తే అంకెలో సర్దుకుంటుంది, జీవితంలో సర్దుకోదు. అయినా ఆ పరిశోధన వేలు పెట్టి చూపించిన చోటు సరైనది.

మరి ఆ అనుభవం ఎందుకు తగ్గింది? 1950ల నుంచి రెండు దశాబ్దాల్లో ఇన్యూట్లని చిన్న చిన్న శిబిరాల నుంచి ప్రభుత్వం ఊళ్లలోకి చేర్చింది. పిల్లల్ని బడులకు, చాలామందిని దూరపు రెసిడెన్షియల్ స్కూళ్లకు తీసుకుపోయారు. తండ్రి వెంట మంచు మీద తిరగాల్సిన వయసు అక్కడ గడిచిపోయింది. అదే కాలంలో స్లెడ్జ్ కుక్కల్ని పోలీసులు పెద్ద సంఖ్యలో కాల్చి చంపారు. బాఫిన్ ప్రాంతాన్ని కికిక్తాని అంటారు; కికిక్తాని ట్రూత్ కమిషన్ దీన్నంతా ఊరూరా తిరిగి నమోదు చేసింది, 2019లో కెనడా ప్రభుత్వం కికిక్తాని ఇన్యూట్లకు క్షమాపణ చెప్పింది. కుక్కలు పలచటి మంచుని పసిగట్టి ఆగిపోతాయి, తుఫానులో ఇంటి దారి పడతాయి. స్కీడూ ఆగదు. పైగా ఆ చప్పుడులో మంచు చేసే శబ్దం వినపడదు.

స్కీడూకి, పెట్రోలుకి, విడిభాగాలకి డబ్బు కావాలి. డబ్బు కోసం ఉద్యోగం చేస్తే వేటకు శని, ఆదివారాలే మిగులుతాయి. అసలు చిక్కంతా ఇక్కడుంది. పూర్వం గాలి బాగా లేకపోతే రెండు రోజులు ఆగేవారు. సోమవారం డ్యూటీకి రావాల్సిన మనిషి ఆగలేడు. సందేహం ఉన్నా బయల్దేరతాడు, చీకటి పడుతున్నా తిరిగొస్తాడు. పలచబడ్డ మంచు, తొందరలో ఉన్న మనిషి కలిస్తేనే ప్రమాదం. ప్రతి ఊళ్లోనూ వెతకడానికి వెళ్లే వాలంటీర్ల జట్టు ఉంటుంది, తప్పిపోయినవాళ్లని వెతకడానికి వెళ్లేది పొరుగువాళ్లే. ఆ రాత్రుళ్లు ఊరంతా ఎంత టెన్షన్‌గా ఉంటుందో చూసినవాళ్లకు తెలుస్తుంది.

వేట డబ్బు వేటలోంచే వచ్చే రోజులు కూడా ఉండేవి, సీల్ తోళ్ల వల్ల. పిల్ల సీళ్ల తెల్లటి తోళ్ల మీద 1983లో యూరప్ నిషేధం పెట్టింది, 2009లో సీల్ ఉత్పత్తులన్నిటి మీదా పెట్టింది. ఇన్యూట్లు వేటాడేది ఆ పిల్లల్ని కాదు, ఎదిగిన రింగ్డ్ సీళ్లని. మాంసం తిని తోలు అమ్ముకునేవారు. కాగితం మీద వాళ్లకు మినహాయింపు ఇచ్చారు, మార్కెట్ మాత్రం కుప్పకూలింది. ఎక్కడో దూరాన మంచి మనసుతో తీసుకున్న నిర్ణయం ఇక్కడ పెట్రోలు డబ్బుని మింగేసింది. దీని గురించి వాళ్లు ఇప్పటికీ కోపంగా మాట్లాడతారు, ఆ కోపం న్యాయమైనదని నేననుకుంటాను.

తిండి సంగతి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. 2017 నాటి జాతీయ సర్వే ప్రకారం ఇన్యూట్ నునాంగాత్‌లో పెద్దవాళ్లలో సుమారు 76 శాతం మందికి తిండికి భరోసా లేదు. దుకాణంలో సరుకంతా విమానంలోనో, వేసవిలో వచ్చే ఓడలోనో రావాలి, ధరలు దక్షిణ కెనడా కన్నా ఎన్నో రెట్లు. ఒక సీల్ దొరికితే అది ఒక్క ఇంటికే పరిమితం కాదు. నేలమీద అట్టలు పరిచి కోసి, ముందు ముసలివాళ్ల ఇళ్లకు పంపుతారు. ఒక మంచి వేటగాడు ఇంట్లో కూర్చుండిపోతే పది గిన్నెల్లో వెలితి పడుతుంది. లాబ్రడార్‌లోని రిగోలెట్ ఊళ్లో ఆష్లీ కున్సోలో అనే పరిశోధకురాలూ, ఊరివాళ్లూ కలిసి చేసిన పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది. మంచు మీదికి వెళ్లలేని చలికాలాల్లో మనుషులు దిగులుకి, చిరాకుకి, తాగుడుకి లోనవుతున్నారు.

అందుకే నా దృష్టిలో అక్కడ జరుగుతున్న వాటిలో అన్నిటికన్నా తెలివైన పని మంచు మీద తిరగడానికి జీతం ఇవ్వడం. 2019లో బాఫిన్‌కి ఉత్తరాన లక్షా 8 వేల చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని తల్లురుతియుప్ ఇమాంగా పేరుతో సంరక్షణ ప్రాంతంగా చేయడానికి ఒప్పందం కుదిరింది. అందులో భాగంగా కికిక్తాని ఇన్యూట్ సంఘం నౌత్తిక్సుక్తియిత్ అనే కావలిదారుల జట్లను నియమించింది. వాళ్లు జంతువుల్నీ, ఓడల్నీ, మంచునీ గమనించి నమోదు చేస్తారు, వేటాడి ఊరికి మాంసం పంచుతారు, కుర్రాళ్లని వెంట తీసుకెళ్లి నేర్పుతారు. సోమవారం డ్యూటీ అంటే మంచు మీదికి వెళ్లడమే అయినప్పుడు గాలి బాగా లేని రోజున ఆగడం కూడా ఉద్యోగంలో భాగమే.

సర్దుబాట్లు అన్నీ గెలవవు. బాఫిన్ తూర్పు తీరాన పాంగ్నిర్తుంగ్ ఊళ్లో 1980ల చివర్లో చలికాలంలో మంచుకి రంధ్రాలు చేసి, పొడవాటి గాలపు తాళ్లతో హాలిబట్ చేపలు పట్టడం మొదలుపెట్టారు. మంచి ఆదాయం, ఫ్యాక్టరీ కూడా వచ్చింది. 1996లో తుఫాను వచ్చి మంచు విరిగిపోయి బోలెడు సామాను సముద్రం పాలైంది. ఆ తర్వాత మంచు అంత దూరం గట్టిగా నిలవడం తగ్గింది, చేపలున్న లోతుల దాకా పోవడం కష్టమైంది. మంచు మీద ఆధారపడి కొత్తగా ఏది కట్టినా ఈ భయం వెంటే ఉంటుంది.

మంచు తగ్గితే లాభపడే వాళ్లు ఓడల వాళ్లు. 1990 నుంచి 2015 మధ్య కెనడా ఆర్కిటిక్‌లో ఓడలు తిరిగే దూరం దాదాపు మూడు రెట్లైంది. ఇక్కడ ఒప్పందం రాసుకునే అధికారం ఎంత తేడా తెస్తుందో చూడండి. నైన్ దగ్గర వోయిసీస్ బే నికెల్ గని ఓడలు మంచుని చీల్చుకుంటూ వస్తాయి, అంటే వేటగాళ్ల దారిని నడిమధ్యలో కోస్తాయి. లాబ్రడార్ ఇన్యూట్లు గట్టిగా బేరమాడి, మంచు కొత్తగా కట్టేటప్పుడూ వసంతంలోనూ ఓడలు ఆగాలని, కోసిన చోట దాటడానికి ఏర్పాటు చేయాలని రాయించుకున్నారు. బాఫిన్ ఉత్తరాన పాండ్ ఇన్లెట్ అనే ఊరి దగ్గర మేరీ రివర్ ఇనుప గని విషయం అంత సాఫీగా జరగలేదు. 2015 నుంచి ఓడలు మొదలయ్యాక నార్వాల్‌లు తగ్గాయని వేటగాళ్లు చెప్తూ వచ్చారు. గని ఉత్పత్తి రెట్టింపు చేస్తామంటే 2021 ఫిబ్రవరి చలిలో కొందరు వేటగాళ్లు గని రోడ్డుకీ రన్‌వేకీ అడ్డంగా కూర్చున్నారు. 2022 నవంబరులో కేంద్ర మంత్రి ఆ విస్తరణను తిరస్కరించారు. ఇది కూడా మంచుకి సర్దుకోవడంలో భాగమే, పాఠ్యపుస్తకాల్లో ఆ పేరుతో కనబడకపోయినా.

వలస పోవాల్సిందేనా అని అడిగారు. ఈ ప్రశ్న అక్కడ అడిగేటప్పుడు జాగ్రత్తగా అడగాలి. 1953లోనూ, 1955లోనూ నునావిక్‌లోని, అంటే ఉత్తర క్యూబెక్‌లోని ఇనుక్‌జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను ప్రభుత్వం రమారమి 2,000 కిలోమీటర్లు ఉత్తరాన రెజల్యూట్, గ్రీస్ ఫియోర్డ్‌లకు తరలించింది. నెలల తరబడి సూర్యుడు కనబడని చోట, తెలియని మంచు మీద, తెలియని జంతువుల మధ్య దింపేసింది. 2010లో క్షమాపణ చెప్పారు. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లకు తరలింపు అనే మాట పరిష్కారంగా వినిపించదు.

అలాస్కా పక్క మాత్రం ఊళ్లే కదలాలనుకున్న సందర్భాలున్నాయి. షిష్మరెఫ్ అనే ఇనుపియాత్ (అలాస్కా ఇన్యూట్) ఊరు ఇసుక దీవి మీద ఉంది. పూర్వం శరదృతువు తుఫానులు వచ్చేసరికే ఒడ్డున మంచు కట్టి అలల్ని ఆపేది. ఇప్పుడు మంచు ఆలస్యం, కింద శాశ్వతంగా గడ్డకట్టి ఉండే నేల కూడా కరుగుతోంది, ఒడ్డు కోసుకుపోతోంది. 2002లోనూ, 2016లోనూ ఊరు మారాలని ఓటేశారు. డబ్బు లేక ఇంకా అక్కడే ఉన్నారు. కెనడాలో నాకు తెలిసిన ఊళ్లలో ఆ మాట ఎత్తేవాళ్లు కనబడలేదు. పడవ స్లెడ్జ్ మీద పెట్టుకుని వెళ్తున్నారు, తేలే సూట్లు తొడుక్కుంటున్నారు, శాటిలైట్ మెసెంజర్ మెడలో వేసుకుంటున్నారు, పాయ తప్పించి కొండ మీదుగా చుట్టూ తిరిగి పోతున్నారు. చుట్టూ తిరిగితే పెట్రోలు రెట్టింపు, మళ్లీ డబ్బు దగ్గరికే వచ్చాం.

ఇక మీ ప్రాజెక్టు. ఆర్కిటిక్ మొత్తం విస్తీర్ణం మీద ఇంకో గ్రాఫ్ వద్దు, ఇప్పటికే వందలున్నాయి. ఒక్క ఊరు తీసుకోండి. పాండ్ ఇన్లెట్ ముందున్న ఎక్లిప్స్ సౌండ్ బాగుంటుంది, రాడార్ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వేటగాళ్లు అడిగే ప్రశ్నల్నే మీ ప్రశ్నలుగా పెట్టుకోండి: ఒడ్డు నుంచి ఒడ్డుకి దాటగలిగేంతగా మంచు ఏ వారంలో కుదురుకుంది, వసంతంలో బీటలు ఏటా అదే చోట పడుతున్నాయా, సినా ఎంత దూరంలో నిలబడింది. 2014 చివరి నుంచి సెంటినెల్-1 చిత్రాలతో ఇది చేయొచ్చు. 25 కిలోమీటర్ల డేటా జోలికి పోకండి. జూన్‌లో మంచు మీద నీళ్లు నిలిచినప్పుడు రాడార్‌లో తడి మంచు, తెరుచుకున్న నీరు రెండూ నల్లగా కనబడి తికమక పెడతాయి. ఆ నెలలో అక్కడ సూర్యుడు అస్తమించడు కాబట్టి మబ్బు లేని రోజుల సెంటినెల్-2 మామూలు చిత్రాలతో సరిచూసుకోండి.

ముందు ముందు అక్కడికి వెళ్లి పనిచేయాలనుకుంటే నునావుత్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లైసెన్స్ తప్పనిసరి, దరఖాస్తుకి ఇనుక్తితుత్ సారాంశం కూడా సిద్ధం చేసుకోండి. ఇన్యూట్ తపిరీత్ కనాతమి అనే జాతీయ సంఘం 2018లో పరిశోధన వ్యూహం ఒకటి ప్రకటించింది, ప్రశ్న తయారయ్యే దశలోనే ఊరివాళ్లు ఉండాలన్నది అందులో ప్రధానమైన డిమాండ్. బడ్జెట్‌లో దారి చూపే మనిషికి ఇచ్చే కూలీ, పెట్రోలు ఖర్చు మొదటి లైన్‌లో రాయండి. చిత్రాల ప్రాసెసింగ్ ఖర్చు ఆ తర్వాత.